సినిమా రాక్షసుల క్రోషే బొమ్మలు అమ్మితే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. అమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నా. ఇప్పుడు ఊలుతో హారర్, సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో రాక్షసుల బొమ్మలు అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా, అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా కొంటున్నారు. మొన్న ఒక ఏలియన్ బొమ్మని కాపీరైట్ కంప్లైంట్ వచ్చిందని సైట్ వాళ్ళు తీసేశారు. ఎలా అల్లాలో చెప్పే ప్యాటర్న్ డబ్బులిచ్చే కొన్నా, బొమ్మ నా చేత్తో అల్లా, ఇందులో నా తప్పేంటి? జైలు దాకా వెళ్తుందా?

జవాబు: ముందు కంగారు పడకండమ్మా. ఇంట్లో షోకేసులో పెట్టుకోడానికో మేనకోడలి పుట్టినరోజుకి ఇవ్వడానికో అల్లుకుంటే మీకు భయం అక్కర్లేదు, కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో సొంత వాడకానికి వెసులుబాటు ఉంది. చిక్కంతా అమ్మకం దగ్గరే వచ్చింది.

నా చేత్తో అల్లా కదా అన్నారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది, మా అమ్మమ్మ కూడా రాత్రిళ్ళు లేసు అల్లి కళ్ళు పోగొట్టుకున్న మనిషే. కానీ సెక్షన్ 14 ప్రకారం కాగితం మీద గీసిన బొమ్మని పట్టుకుని చూసే వస్తువుగా మార్చే హక్కు కూడా ఆ బొమ్మ ఓనర్‌దే, అది మట్టితో చేసినా ఊలుతో చేసినా ఒకటే. "ఫ్యాన్ మేడ్" అని కింద రాసినంత మాత్రాన ఆ హక్కు మీకు రాదు. ఇక ప్యాటర్న్ అంటారా, మీకు అమ్మినావిడకే సినిమా కంపెనీ పర్మిషన్ లేకపోతే ఆవిడ మీకేం ఇవ్వగలదు చెప్పండి.

ఇది మీ ఒక్కరికే జరగలేదు. 2008లో బీబీసీ వాళ్ళు డాక్టర్ హూ సీరియల్ జీవుల అల్లిక ప్యాటర్న్‌లు నెట్‌లో పెట్టిన ఒకావిడ చేత అవి తీయించారు, 2013లో ఫైర్‌ఫ్లై సీరియల్‌లో జేన్ అనే పాత్ర పెట్టుకునే చెవుల టోపీ అల్లి అమ్మేవాళ్ళకి, ఆ సీరియల్ హక్కులున్న ఫాక్స్ కంపెనీ నోటీసులు వెళ్ళాయి. ఆ టోపీ కథలో ఒక తల్లి కొడుక్కి అల్లి పంపింది, అయినా లైసెన్స్ తీసుకున్న టోపీ మార్కెట్లోకి వచ్చాక చేత్తో అల్లేవాళ్ళ మీద పడ్డారు.

జైలు సంగతి దాచకుండా చెప్తా. సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది, పైగా ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల నాన్ బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు వేసిన నిట్ ప్రో కూడా అల్లిక సూదులు తయారు చేసే కంపెనీయే. అయితే ఆ సెక్షన్‌లో "తెలిసి" చేస్తేనే నేరం అని ఉంది. ఇన్నాళ్ళూ మీకు తెలియదు అనొచ్చు, ఆ కంప్లైంట్ వచ్చాక అనలేరు. అందుకే అదే బొమ్మని పేరు మార్చి ఇంకో అకౌంట్‌లో మాత్రం పెట్టకండి, దయచేసి.

మరి అల్లడం మానేయాలా అంటే అస్సలు వద్దు. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ళకి పుస్తకం మీద హక్కు పోతుంది. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1946లో పోయారు, అంటే ఆయన 1898 నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో మార్స్ జీవులు ఇప్పుడు అందరివీ. నోటి చుట్టూ కొరడాల్లాంటి 16 టెంటకిల్స్, రెండు గుత్తులుగా ఎనిమిదేసి అని ఆయనే రాశారు, గొలుసు వేసుకుని ఒక్కో కన్నంలో రెండేసి కుట్లు వేస్తే అవే మెలి తిరుగుతాయని మీకు నేను చెప్పాలా! డ్రాక్యులా కూడా అంతే. ఫ్రాంకెన్‌స్టైన్ దగ్గర మాత్రం జాగ్రత్త, 1818 పుస్తకంలో రాక్షసుడికి పసుపు చర్మం, నల్లటి జుట్టు, నల్లటి పెదాలు ఉంటాయి, అలా అల్లుకోండి. బల్లపరుపు తల, మెడకి బోల్టులు 1931 యూనివర్సల్ సినిమావి, ఆ సినిమా మీద అమెరికాలో 2026 చివరి దాకా హక్కు ఉంది, మీ కొనేవాళ్ళు అక్కడే ఉన్నారు. బొమ్మ పాత పుస్తకంలోదే అయినా లిస్టింగ్‌లో సినిమా టైటిల్, లోగో పెట్టకండి, అది ట్రేడ్‌మార్క్ గొడవ.

ఇంకో మాట, నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు, ఉంది. ఆ ట్యాగ్ మీ బొమ్మల మీద వేయాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గా రిజిస్టర్ అవ్వాలి, ఊరిది కదా అని వేసేయకూడదు.

సైట్ వాళ్ళ మెయిల్ డిలీట్ చేయొద్దు. ఆ బొమ్మలు ఎన్ని అమ్మారో, ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. కంపెనీ నుంచి నేరుగా లీగల్ నోటీసు వస్తే అందులో అడిగిన డబ్బు కంగారుగా కట్టేయకుండా, సంతకం పెట్టకుండా, ఆ కాగితం, మెయిల్ పట్టుకుని లాయర్‌ని కలవండి.