పాదాలు కడిగిన నీళ్లు ఎవరు పారబోస్తారు?

"నన్ను కొత్తగా సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. దీనమనసుతో సంఘాన్ని నడపడమంటే చేతల్లో ఏమిటి? పవిత్ర గురువారం నాడు పాదాలు కడిగితే సరిపోతుందా?" అని మీరు అడిగారు.

సరిగ్గా కడిగితే చాలావరకు సరిపోతుందండి. యేసు ప్రభువు తన చివరి భోజనం రాత్రి శిష్యుల పాదాలు కడిగిన దానికి గుర్తుగా ఈ క్రమం జరుగుతుంది. మన గోదావరి డెల్టాలో చాలాచోట్ల ముందురోజే పన్నెండుమంది పేర్లు రాసేసుకుంటారు. వాళ్లు ఇంటి దగ్గరే కాళ్లు సబ్బుతో రుద్దుకుని, ఉతికిన పంచెలు కట్టుకుని వస్తారు. పాస్టరుగారు కుడికాలి మీద నాలుగు చుక్కలు చల్లి, తుండు తాకించి, ఫోటో కోసం ఆగుతారు.

ఈస్టర్ వారం ఇంచుమించు దాళ్వా (రెండో పంట వరి) కోతల రోజుల్లో పడుతుంది. చేలోంచి నేరుగా వచ్చినవాళ్ల మడమల పగుళ్లలో మట్టి ఎండిపోయి ఉంటుంది. వాళ్లనే కూర్చోబెట్టండి, ఆడవాళ్లని కూడా. కతోలిక సంఘంలో ఈ క్రమానికి మగవాళ్లనే పిలవాలన్న నియమాన్ని పోప్ ఫ్రాన్సిస్ 2016లో మార్చారు. అంతకుముందే, 2013లో, రోమ్‌లోని బాలనేరస్తుల జైలుకి వెళ్లి అక్కడి ఆడపిల్లల పాదాలు కూడా కడిగారాయన.

మనిషికి ఒక చెంబెడు గోరువెచ్చటి నీళ్లు, ఒక తుండు. పన్నెండుమందికి పెద్ద బకెట్టు నిండా ఉంచుకోండి. నీళ్లు పైనుంచి పోయాలి, ఒకరిని కడిగిన పళ్లెంలో ఇంకొకరి కాలు ముంచకూడదు. షుగరు ఉన్నవాళ్లలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గి వేడి తెలీదు, అందుకే ముందు మీ మోచేతి మీద పోసి చూసుకోండి. పగుళ్లు గట్టిగా రుద్దకండి. వేళ్ల సందుల్లో తడి ఉంటే ఒరుస్తుంది, అక్కడ ఒత్తి తుడవాలి. స్టూలు వద్దు, మోకాళ్లు నేలకి ఆనాలి. ప్రభువు ముందుగా పైవస్త్రం తీసి పక్కన పెట్టాడు. అంగీ చేతులు తడుస్తాయన్న ధ్యాస ఉంటే ఎదుటివాడి కాలి మీద ధ్యాస నిలవదు.

అసలు పరీక్ష ఆరాధన అయ్యాక. బురదనీళ్ల పళ్లెం, తడి తుండుల పోగు బల్ల పక్కనే ఉండిపోతాయి. పెద్దలు పలకరింపుల్లో పడి బయటికి వెళ్లిపోతారు. గుడి ఊడ్చే ఆవిడ వంగి అవన్నీ ఎత్తుతుంది. అంతసేపు చేసిన ప్రసంగమంతా అక్కడ కొట్టుకుపోతుంది. ఆ పళ్లెం మీరే ఎత్తి కొబ్బరిచెట్టు మొదట్లో పోయండి. తుండులు మీరే పట్టుకెళ్లి ఉతకండి.

గొప్పవాడెవరన్న తగువు ఆ రాత్రి భోజనం దగ్గరే వచ్చిందని లూకా 22లో ఉంది. ప్రభువు కడిగిన పాదాల్లో, తనని అప్పగించబోయే యూదావి కూడా ఉన్నాయి. మీరు పెద్ద కావడానికి ఒప్పుకోనివాళ్లు సంఘంలో ఉంటే, ఆ పన్నెండుమందిలో వాళ్లలో ఒకరి పేరు ఉండాలి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. 1836లో ఇంగ్లండు మిషనరీ గ్రోవ్స్ వెంట ఓడెక్కి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు నర్సాపురం, పాలకొల్లు వైపు నాటిన బ్రదరెన్ సంఘాల్లో అభిషిక్త పాదిరి అంటూ ఉండడు. పెద్దలు ఒక్కరు కాదు, కొందరు ఉంటారు, పిలుపు మాత్రం అందరికీ "బ్రదర్". అదే గడ్డ మీద ఇప్పుడు పేరుకి ముందు మూడేసి బిరుదులతో ఫ్లెక్సీలు చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

మిగతా ఏడాదంతా రెండు పనులు. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టి, మొత్తం ఎంతో ఆ ఆదివారమే బోర్డు మీద రాయాలి. ప్రేమవిందులో వడ్డన గరిటె మీ చేతిలో ఉండాలి, మీ విస్తరి ఆఖరి పంక్తిలో వేసుకోవాలి. కూర అడుగంటేదీ, సాంబారు పలచబడేదీ ఆ పంక్తికే. అక్కడ కూర్చుంటే వచ్చేసారి బియ్యం ఎన్ని కిలోలు పెంచాలో మీకే తెలుస్తుంది.