కొత్తగా వచ్చిన భార్య, మొదటి జాయింట్ రిటర్న్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత ఏడాది ఇండియా వెళ్లి పెళ్లి చేసుకుని వచ్చినవాళ్ల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరి టెన్షన్ ఒక్కటే: 2025కి అమెరికాలో ట్యాక్స్ రిటర్న్ ఎలా వెయ్యాలి, కొత్తగా వచ్చిన మనిషిని అందులో ఎలా చూపించాలి. గడువు ఏప్రిల్ 15. ఎక్కువమందికి పనికొచ్చే నాలుగు ఉత్తరాలు తీసుకున్నాం.

ప్రశ్న: నేను ఆరేళ్లుగా హెచ్1బీ మీద ఎడిసన్‌లో ఉంటున్నాను. గత ఆగస్టులో విజయవాడలో పెళ్లైంది. మా ఆవిడ హెచ్4 మీద అక్టోబరు 8న వచ్చింది. సెప్టెంబరు ఆఖరు దాకా హైదరాబాద్‌లో నెలకు 70 వేల జీతానికి పనిచేసింది. నా డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం ఫామ్) ప్రకారం జీతం లక్షా ఇరవై వేల డాలర్లు. నా ఫ్రెండేమో ‘ఆవిడకి ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేదు, 2025లో ఇక్కడ మూడు నెలలు కూడా లేదు, ఈసారికి సింగిల్ అని వేసెయ్’ అంటున్నాడు. ఆఫీసులో ఒకాయన జాయింట్ వెయ్యమంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: సింగిల్ అని మాత్రం వెయ్యకండి. డిసెంబరు 31 నాటికి పెళ్లైపోయి ఉంటే ఆ ఏడాది మొత్తానికీ మీరు పెళ్లైనవారి కిందే లెక్క, భార్య ఎక్కడున్నా, ఎస్ఎస్ఎన్ ఉన్నా లేకపోయినా. మీకున్న దారులు రెండే, జాయింట్‌గా (ఇద్దరి ఆదాయం కలిపి ఒకే రిటర్న్) వెయ్యడం లేదా పెళ్లైనవాళ్లు విడివిడిగా వేసే స్టేటస్‌లో వెయ్యడం.

ఇక్కడ చిక్కేమిటంటే మీ ఆవిడ 2025లో ఇక్కడ ఉన్నది 85 రోజులు. ఆ ఏడాది రోజులన్నీ, అంతకుముందు ఏడాది రోజుల్లో మూడో వంతు, దానికి ముందు ఏడాదివాటిలో ఆరో వంతు కలిపితే 183 రావాలి, అప్పుడే ట్యాక్స్ లెక్కలో రెసిడెంట్. ఆవిడకి అది రాదు కాబట్టి నాన్‌రెసిడెంట్. మామూలుగా నాన్‌రెసిడెంట్‌తో కలిసి జాయింట్ వెయ్యడానికి లేదు. కానీ ట్యాక్స్ చట్టం సెక్షన్ 6013(జి) ప్రకారం, ఇద్దరిలో ఒకరు రెసిడెంట్ అయితే రెండోవారిని కూడా ఏడాది పొడుగునా రెసిడెంట్‌గా చూడమని మీరిద్దరూ కోరుకోవచ్చు. దానికి ప్రత్యేకమైన ఫామ్ ఏమీ లేదు. డిసెంబరు 31న ఒకరు రెసిడెంట్, ఒకరు నాన్‌రెసిడెంట్ అనీ, ఇద్దరినీ ఏడాదంతా రెసిడెంట్లుగా చూడమని కోరుతున్నామనీ ఒక కాగితం మీద రాసి, పేర్లు, అడ్రసు, నంబర్లు (ఎస్ఎస్ఎన్, అది రానివాళ్లకి ఐటిన్ అనే ట్యాక్స్ నంబరు, దాని సంగతి తర్వాతి జవాబులో) వేసి, ఇద్దరూ సంతకాలు చేసి రిటర్న్‌కి జత చెయ్యాలి. చాలామంది మర్చిపోయేది ఈ ఒక్క కాగితమే.

ఇప్పుడు డబ్బు సంగతి. విడిగా వేస్తే మీకు స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ పడకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 15,750 డాలర్లు, ఫెడరల్ ట్యాక్స్ దాదాపు 17,867 అవుతుంది. జాయింట్‌గా వేస్తే డిడక్షన్ 31,500, పైగా స్లాబులు కూడా పెద్దవి, మీ జీతం ఒక్కటే లెక్కేస్తే ట్యాక్స్ 10,143కి దిగుతుంది. తేడా ఏడు వేల ఏడు వందల పైచిలుకు. కానీ అసలు విషయం ఇక్కడే ఉంది, ఆవిడ ఏడాదంతా రెసిడెంట్ అని మీరే రాసిచ్చాక ఆవిడ జనవరి నుంచి హైదరాబాద్‌లో సంపాదించిన జీతం కూడా ఈ రిటర్న్‌లోకి రావాల్సిందే. తొమ్మిది నెలలకి 6 లక్షల 30 వేలు, డాలరు 87 రూపాయల చొప్పున లెక్కేస్తే సుమారు 7,240 డాలర్లు, మీ స్లాబులో దానిమీద పడేది 870 దాకా. అది పోగా కూడా మీకు ఆరు వేల ఎనిమిది వందల పైనే మిగులుతుంది. కాబట్టి మీ ఆఫీసాయన మాటే సరైంది, కాకపోతే జీతం చూపించే షరతు మీద.

ఫామ్ 16 (ఇండియా కంపెనీ ఇచ్చే జీతం, టీడీఎస్ సర్టిఫికెట్) పట్టుకుని కూర్చోకండి, అది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఇక్కడ కావాల్సింది జనవరి నుంచి డిసెంబరు. పేస్లిప్పులు వరసగా పెట్టుకుని కూడండి. పాత కంపెనీ మెయిల్ లాగిన్ పోయాక అవి తీసుకోవడం తలనొప్పి, ఆవిడ కొలీగ్స్ ఎవరైనా ఉంటే ఇప్పుడే హెచ్ఆర్‌ని అడిగించండి. ఇండియాలో నిజంగా కట్టిన ట్యాక్స్ ఉంటే ఫామ్ 1116 ద్వారా ఇక్కడ క్రెడిట్ (కట్టాల్సిన ట్యాక్స్‌లో తగ్గింపు) వస్తుంది. అయితే 2025 ఏప్రిల్ నుంచి అక్కడ కొత్త విధానంలో 12 లక్షల దాకా ట్యాక్స్ లేదు కాబట్టి మీకు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల ట్యాక్స్‌కి తప్ప పెద్దగా క్రెడిట్ రాకపోవచ్చు. టీడీఎస్ కట్ అయి తర్వాత రిఫండ్ వచ్చేదైతే దానికి ఇక్కడ క్రెడిట్ లేదు.

అందరికీ జాయింటే లాభం అని మాత్రం చెప్పను. వచ్చే ముందు అదే ఏడాదిలో తన పేరు మీదున్న ఫ్లాటో ప్లాటో అమ్మి పెద్ద లాభం తీసుకున్న అమ్మాయి అయితే ఆ లాభమంతా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. అలాంటప్పుడు రెండు రకాలుగానూ లెక్క వేసి చూసుకోవాలి. స్టేట్ ట్యాక్స్ కూడా విడిగా చూడాలి, పైన చెప్పినదంతా ఫెడరల్ మాత్రమే.

ప్రశ్న: నవంబరులో గుంటూరులో పెళ్లైంది. మా ఆవిడ ఇంకా అక్కడే ఉంది, వీసా స్టాంపింగ్ డేట్ కోసం ఎదురుచూస్తున్నాం. జాయింట్ వెయ్యాలంటే ఐటిన్ కావాలంటున్నారు, దానికి ఒరిజినల్ పాస్‌పోర్ట్ పోస్టులో పంపాలట. వీసా ముందు పెట్టుకుని పాస్‌పోర్ట్ ఎలా పంపుతాం? (షార్లెట్ నుంచి)

జవాబు: పంపకండి. మనిషి అమెరికాలో అడుగుపెట్టకపోయినా, మీరు రెసిడెంట్ అయితే చాలు, పైన చెప్పిన కోరిక రాసి జాయింట్ వెయ్యొచ్చు. ఎస్ఎస్ఎన్‌కి అర్హత లేనివాళ్లకి ఐటిన్ కావాలన్నదీ నిజమే. కానీ పాస్‌పోర్ట్ చేతులు మారకుండా చేసే మార్గాలున్నాయి.

ఐటిన్‌కి అప్లికేషన్ ఫామ్ డబ్ల్యూ-7. దాన్ని విడిగా కాకుండా ట్యాక్స్ రిటర్న్‌తో కలిపి పంపాలి, అందుకే మొదటి ఏడాది ఈ-ఫైలింగ్ కుదరదు, కాగితాల మీదే. ఇది మామూలు రిటర్న్‌లు వెళ్లే అడ్రసుకి కాదు, టెక్సాస్‌లో ఆస్టిన్‌లో ఉన్న ఐటిన్ విభాగానికి వెళ్లాలి. పాస్‌పోర్ట్ విషయానికొస్తే, ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) గుర్తింపు ఉన్న సర్టిఫయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్లు ఉంటారు. వాళ్లు ఒరిజినల్ చూసి, సరిపోల్చుకుని, సర్టిఫికెట్ జత చేసి పాస్‌పోర్ట్ మీకే ఇచ్చేస్తారు. ఇండియాలో కూడా అలాంటివారు ఉన్నారు, జాబితా ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో దేశాల వారీగా దొరుకుతుంది, అందులో పేరుందో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఆవిడ ఇక్కడికి వచ్చేశాకైతే ఐఆర్ఎస్ ట్యాక్స్‌పేయర్ అసిస్టెన్స్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని పాస్‌పోర్ట్ చూపించి అక్కడికక్కడే వెనక్కి తెచ్చుకోవచ్చు. పాస్‌పోర్ట్ జారీ చేసిన ఆఫీసు సర్టిఫై చేసిన కాపీ అయినా చెల్లుతుంది. నోటరీ కాపీ మాత్రం చెల్లదు, పది డాలర్లు పెట్టి నోటరీ చేయించి పంపినవాళ్ల అప్లికేషన్లు తిరిగొస్తాయి.

ఏప్రిల్ 15 లోపు ఇవన్నీ కావు అనిపిస్తే ఫామ్ 4868 వేసి అక్టోబరు 15 దాకా టైమ్ తీసుకోండి. టైమ్ ఇచ్చేది కాగితాలకే, డబ్బుకి కాదు, బాకీ ఉందనుకుంటే ఏప్రిల్ 15కే కట్టెయ్యాలి. ఇంకో దారి, ఇప్పుడు విడిగా వేసేసి, ఆవిడ వచ్చాక 1040-ఎక్స్‌తో (వేసిన రిటర్న్‌ని సరిచేసే ఫామ్) జాయింట్‌కి మార్చుకోవడం, దానికి మూడేళ్ల గడువుంది. గుర్తుపెట్టుకోండి, విడి నుంచి జాయింట్‌కి మారొచ్చు గానీ, గడువు దాటాక జాయింట్ నుంచి విడికి మారడం కుదరదు. అలవాటు కొద్దీ ఫిబ్రవరిలోనే సింగిల్ అని వేసేసినవాళ్లు కూడా ఇదే 1040-ఎక్స్‌తో సరిచేసుకోండి.

ప్రశ్న: మావారితో పాటు గత నవంబరులో అమెరికా వచ్చాను. ఇండియాలో నా పేరు మీద 8 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి, మ్యూచువల్ ఫండ్స్‌లో చిన్న ఎస్ఐపీలు ఉన్నాయి, పసుపు కుంకుమ కింద మా నాన్నగారు ఇచ్చిన రెండెకరాల మీద ఏటా 60 వేలు కౌలు వస్తుంది. ‘అవన్నీ ఇండియావి, వాళ్లకి అక్కర్లేదు, ఇక్కడ సంతకం పెట్టు చాలు’ అంటున్నారు మావారు. పెట్టెయ్యనా? (పాఠకురాలు, యాష్‌బర్న్, వర్జీనియా)

జవాబు: చదవకుండా పెట్టకండమ్మా. ఈ ఉత్తరం రాసినందుకు మీకు మా అభినందనలు, ఎందుకంటే ఈ మాట అడగడానికి కొత్త కోడళ్లు చాలామంది మొహమాటపడతారు.

జాయింట్ రిటర్న్ మీద సంతకం పెట్టారంటే అందులో ఉన్న ప్రతి అంకెకీ మీరూ పూచీ. ట్యాక్స్ తక్కువ కట్టారని తర్వాత తేలితే మొత్తం బాకీ మీ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసే హక్కు ఐఆర్ఎస్‌కుంది, మీకు ఇక్కడ రూపాయి జీతం లేకపోయినా సరే, రేపు ఏ కారణంగానైనా మీ దారులు వేరైనా సరే. తెలియక సంతకం పెట్టిన భార్యనో భర్తనో కాపాడే నియమం ఒకటుంది, ఫామ్ 8857 వెయ్యాలి, కానీ ఆ ఆదాయం మీ సొంతమైనప్పుడు తెలియదని మీరెలా అంటారు?

అన్నిటికన్నా ముఖ్యం, దాచడం వల్ల మిగిలేది ఏమీ లేదు. ఎఫ్‌డీల వడ్డీ 7 శాతం అనుకుంటే 56 వేలు, కౌలు 60 వేలు, రెండూ కలిపి 1 లక్షా 16 వేల రూపాయలు, అంటే సుమారు 1,330 డాలర్లు. మీవారు 12 శాతం స్లాబులో ఉంటే దానిమీద 160 డాలర్లు, 22 శాతంలో ఉన్నా 293. జాయింట్ వల్ల మీ ఇంటికి వేలల్లో మిగులుతుంటే ఈ కాస్త కోసం అబద్ధపు రిటర్న్ ఎందుకు? నవంబరు దాకా మీకు ఇండియాలో జీతం కూడా ఉండి ఉంటే, పైన ఎడిసన్ పాఠకుడికి చెప్పినట్టే అదీ చూపించాలి. భూమి మీద కౌలుకి ఇండియాలో వ్యవసాయ ఆదాయం కింద ట్యాక్స్ లేదు నిజమే, ఇక్కడ మాత్రం అది మామూలు అద్దె ఆదాయమే, అక్కడ ట్యాక్స్ కట్టలేదు కాబట్టి క్రెడిట్ కూడా లేదు. ‘వాళ్లకెలా తెలుస్తుంది’ అనే మాటకి కాలం చెల్లింది. 2015 జూలైలో ఇండియా, అమెరికా ఫాట్కా ఒప్పందం చేసుకున్నాయి, అమెరికాలో ట్యాక్స్ రెసిడెంట్లైనవారి ఖాతాల వివరాలు మన బ్యాంకులు పంపుతాయి.

భయపడాల్సినవి, అక్కర్లేనివి విడదీసి చెబుతాను. మీ బంగారం, ఆ రెండెకరాల భూమి ఏ ఫామ్‌లోనూ ఖాతాలుగా చూపించక్కర్లేదు, వాటి మీద వచ్చే ఆదాయమే చూపించాలి. అమెరికా బయట ఉన్న అన్ని ఖాతాలూ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని విడిగా ఒక రిపోర్ట్ ఉంటుంది. కోరిక రాసి రెసిడెంట్ అయినవారికి ఆ మొదటి ఏడాది ఎఫ్‌బార్ వర్తించదు, 2026లో మీరు రోజుల లెక్కన రెసిడెంట్ అవుతారు కాబట్టి అప్పటినుంచి మీ ఖాతాలకీ ఎఫ్‌బార్ చూడాలి. మీవారి పేరు కూడా ఉన్న జాయింట్ ఖాతాలుంటే అవి ఇప్పుడే ఆయన రిపోర్ట్‌లోకి రావాలి. మ్యూచువల్ ఫండ్స్ మాత్రం నిజంగా చిక్కే. మన దేశపు ఫండ్స్‌ని అమెరికా చట్టం పీఎఫ్ఐసీలు (ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీలు) అంటుంది, ఒక్కో ఫండ్‌కి ఒక్కో ఫామ్ 8621 పడొచ్చు, ట్యాక్స్ లెక్క కూడా కఠినం. చిన్న మొత్తాలకి కొంత మినహాయింపు ఉంది. ఎస్ఐపీలు ఆపాలా, ఉంచాలా, అమ్మాలా అన్నది అమ్మేముందే ఈ ఫామ్ తెలిసిన సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్) అడగండి.

ఒక ఆదివారం మీరిద్దరూ కూర్చుని, ఎఫ్‌డీ వడ్డీ స్టేట్‌మెంట్ జనవరి నుంచి డిసెంబరు దాకా డౌన్‌లోడ్ చేసి, కౌలు డబ్బు ఎప్పుడొచ్చిందో మీ నాన్నగారిని అడిగి రాసుకుని, 1040 (మామూలు ట్యాక్స్ రిటర్న్ ఫామ్) రెండో పేజీలో సంతకాల దగ్గరికి వచ్చేసరికి ప్రతి అంకె ఎక్కడిదో మీకు తెలిసేలా చూసుకోండి. రిటర్న్ తయారు చేసే మనిషి కూడా సంతకం పెట్టాలి. ఫీజు తీసుకుని, నేను సంతకం పెట్టను, మీరే వేసుకున్నట్టు పంపండి అనేవారి దగ్గర నుంచి కాగితాలు వెనక్కి తెచ్చేసుకోండి.

ప్రశ్న: నేను 2023లో ఎఫ్1 మీద వచ్చి ఇప్పుడు ఓపీటీలో (చదువు తర్వాత పనిచేసుకునే అనుమతి) ఉన్నాను. భార్య ఎఫ్2 మీద వచ్చింది. మేమూ జాయింట్ వెయ్యొచ్చా? (డేటన్, ఒహాయో)

జవాబు: 2025కి కుదరదు. ఎఫ్1 విద్యార్థులకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు లెక్కలోకి రావు, ఎఫ్2 వారికీ అంతే. అంటే ఇద్దరూ నాన్‌రెసిడెంట్లే, 6013(జి)కి ఒకరైనా రెసిడెంట్ అయి ఉండాలి. మీరు 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల రిటర్న్ ఫామ్) వెయ్యాలి, స్టేటస్ పెళ్లైనవారు విడిగా వేసేదే. మనకి ఊరటేమిటంటే ఇండియా, అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 21(2) వల్ల భారతీయ విద్యార్థులు నాన్‌రెసిడెంట్లైనా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, అది వదులుకోకండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి 1040-ఎన్ఆర్ ఉండదు, అడిగినవి నింపుకుంటూ పోతే మామూలు 1040 తయారైపోతుంది. సబ్మిట్ కొట్టేముందు ఫామ్ పైన 1040-ఎన్ఆర్ అని ఉందో లేదో చూసుకోండి. పొరపాటున మామూలు 1040 వేసేసి ఉంటే, ఐఆర్ఎస్ నుంచి ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా మీరే సరిచేసి పంపండి.