మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యాన్ని బస్రాకు (ఇప్పటి ఇరాక్‌లోని రేవు పట్టణం) ఎందుకు పంపారు?
చమురొక్కటే కారణం కాదు గానీ, అది పెద్ద కారణం. బ్రిటిష్ నౌకాదళం అప్పుడప్పుడే బొగ్గు వదిలి చమురుకు మారుతోంది. పర్షియా (ఇప్పటి ఇరాన్)లోని మస్జిదే సులేమాన్ బావుల నుంచి సుమారు 220 కిలోమీటర్ల గొట్టం గుండా చమురు అబాదాన్ రిఫైనరీకి చేరేది. అక్కడ నది దాటితే అవతలి ఒడ్డు టర్కీది, ఆ యుద్ధంలో బ్రిటన్‌కు శత్రువు. అందుకే 1914 నవంబరు 6న మన సిపాయిలు ఆ నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఫావ్‌లో దిగారు. అదే నెల 22కల్లా బస్రా చేతికొచ్చింది.

రిఫైనరీకి కాపలా పెట్టొచ్చు, అంత పొడవు గొట్టానికి అడుగడుగునా ఎవరిని పెడతారు? 1915 ఫిబ్రవరిలో అహ్వాజ్ దగ్గర స్థానిక తెగలవాళ్లు దాన్ని తెగ్గొట్టారు. మళ్లీ చమురు పారడానికి జూన్ దాకా పట్టింది.

అక్కడితో ఆగాల్సింది. బాగ్దాద్ మీద ఆశతో సైన్యాన్ని ముందుకు తోశారు. 1916 ఏప్రిల్ 29న బాగ్దాద్ దారిలోని కూత్ పట్టణంలో టర్కీ ముట్టడిలో చిక్కి, ఆకలితో మాడి లొంగిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే.