అమ్మకు సమన్లు వచ్చాయి, వకీలుకు డబ్బు లేదు అన్నారు కదా

తమ్ముడూ, టెక్కలి దగ్గర మీ అమ్మగారి పొలం గట్టు మీద పక్క రైతు దావా వేశారని, కోర్టులు మనం కట్టే ఫీజులతోనే నడుస్తాయి కాబట్టి డబ్బు లేకపోతే ఓడినట్టేనని ఊళ్లో ఎవరో చెప్పారని రాశారు. అది తప్పు. జిల్లా కోర్టుల జీతాలు, ఖర్చులు రాష్ట్ర బడ్జెట్‌లోంచి వస్తాయి. హైకోర్టు ఖర్చయితే రాష్ట్ర సంచిత నిధి (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన ఖజానా) మీదే పడుతుంది, దానిమీద శాసనసభలో ఓటింగ్ కూడా ఉండదు. కోర్టు మీ అమ్మగారిది కూడా.

వకీలు సంగతికి వద్దాం. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును ఇస్తారు. కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు కూడా అందులోనే. శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ, టెక్కలిలో మండల న్యాయ సేవల కమిటీకి గానీ తెల్లకాగితం మీద అర్జీ పెట్టండి. సమన్ల కాపీ, ఆధార్, పాసుపుస్తకం జిరాక్సులు జతచేయండి. దారి తెలియకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

ఆలస్యం మాత్రం చేయొద్దు, నాకు టెన్షన్ అంతా దీని గురించే. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా గడువు దొరకవచ్చు, కానీ దాన్ని నమ్ముకోకండి.

గట్టు తగాదాయే కాబట్టి లోక్ అదాలత్‌లో రాజీకి వీలుందేమో ఆ వకీలునే అడగండి. అక్కడ తీర్పు మీద అప్పీలు ఉండదు, అమ్మగారికి పూర్తిగా ఇష్టమైతేనే సంతకం పెట్టించండి.