రూట్ కెనాల్ చేయించుకున్నా పన్ను నొప్పి ఎందుకు తగ్గడం లేదు?

నల్లగొండలో పై దవడ పంటికి రూట్ కెనాల్ (పంటి వేర్ల లోపలి కాలువలను శుభ్రం చేసి మూసే చికిత్స) చేయించుకొని రెండు నెలలైనా, నమిలినప్పుడు నొప్పి వస్తున్నదని అడిగారు. చికిత్స తర్వాత కొన్ని రోజులు, మహా అయితే వారం పాటు కొద్దిపాటి నొప్పి ఉండటం సహజమే గాని, ఇంతకాలం ఉండటం పరీక్షించవలసిన విషయం. పై దవడలోని మొదటి పెద్ద దంతానికి సాధారణంగా మూడు వేర్లే ఉన్నా, చాలామందికి లోపలి కాలువలు నాలుగు ఉంటాయి. ఆ సన్నని నాలుగో కాలువ మామూలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించక శుభ్రం కాకుండా మిగిలిపోతే, అందులోని సూక్ష్మజీవులు వేరు కొన దగ్గర వాపును కొనసాగిస్తాయి. పంటిలో పగులు, ఎత్తుగా కూర్చున్న క్యాప్, పక్క పంటి జబ్బు, సైనస్ వాపు కూడా కారణాలు కావచ్చు. మన జిల్లా నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లపై వచ్చే గోధుమ రంగు మరకలకూ ఈ నొప్పికీ ముడిపెట్టకండి.

మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని పదే పదే వాడవద్దని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే రక్తప్రసరణ లేని ఆ కాలువలోకి మందు చేరదు. రూట్ కెనాల్ నిపుణులను కలిసి, వారు సూచిస్తే సీబీసీటీ స్కాన్ (పంటిని, దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) తీయించుకొని, పన్ను తీయించే ముందు మళ్లీ రూట్ కెనాల్ చేసే వీలుందేమో తప్పక అడగండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.