ఇంట్లో జొన్నలతో విస్కీ చేయొచ్చా?

"పాలమూరులో జొన్నలకు కొదవ లేదు, బార్లీ దొరకదు. జొన్నలతోనే ఇంట్లో విస్కీ కాయొచ్చా?" అని అడిగారు. కాయకూడదు. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా బట్టీ పెట్టడం నేరం. ఇంటి మటుకే తాగుతామంటే కుదరదు. అందుకని బట్టీ ఎలా కట్టాలో ఇక్కడ రాయను. నిజానికి రాయాల్సినంత గొప్ప సంగతి కూడా కాదది. విస్కీలో అసలు పనితనం బట్టీకి ముందే అయిపోతుంది. గింజను మొలకెత్తించి, ఆ మొలక చేతనే గింజలోని పిండిని చక్కెరగా మార్పించడమే ఆ విద్యంతా. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

గుడుంబాకు ఈ తిప్పలు లేవు. నల్లబెల్లంలో చక్కెర తయారుగా ఉంటుంది, నీళ్లలో కలిపితే ఈస్ట్ అనే సూక్ష్మజీవి దాన్నే తిని ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. గింజలో ఉండేది పిండి, దాన్ని ఈస్ట్ ముట్టుకోదు. వైన్స్‌లో కొనే క్వార్టర్ గురించి గొప్పగా మాట్లాడేవాళ్లు కూడా కొంచెం ఆగాలి. చౌక రకాల్లో సింహభాగం మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచో నూకల నుంచో తీసిన స్పిరిట్టే, అందులో రంగు, వాసన, కాస్తంత మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) స్పిరిట్. మొలాసిస్ స్పిరిట్‌ను యూరోపియన్ యూనియన్‌లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. గింజతో సంబంధం లేనిదాన్ని విస్కీ అని తాగుతూ జొన్న విస్కీ నాసిరకమంటే నాకు నవ్వొస్తుంది.

సరే, మొలక. పచ్చజొన్నలైనా తెల్లజొన్నలైనా తిండికి పెట్టుకున్నవే తీసుకోండి. ప్యాకెట్ విత్తనాలు వద్దు, వాటికి రంగుతో పాటు మందు పట్టించి ఉంటుంది. కోత సమయంలో వాన తడిసి నల్లబడ్డ గింజ కూడా వద్దు, బూజు లోపలే ఉంటుంది. కోసి రెండు మూడు నెలలైన గింజ బాగా మొలుస్తుంది. ముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూడండి. మూడో రోజుకు తొంభై మొలవకపోతే ఆ బస్తా జొన్న గటక వండుకోవడానికే.

రెండు కిలోలు కడిగి, తేలినవి పారబోసి, ఇరవై గంటలకు కొంచెం అటూ ఇటూగా నానబెట్టాలి. ఏకబిగిన కాదు. ఎనిమిది గంటలకోసారి నీళ్లు వంపి, గంటసేపు గాలికి వదిలి, కొత్త నీళ్లు పోయాలి. గాలాడకపోతే గింజ లోపలే చచ్చి పుల్లటి వాసనొస్తుంది. తర్వాత నీడలో తడి గోనెసంచి మీద రెండంగుళాల మందాన పరిచి, పైన ఇంకో తడి సంచి కప్పాలి. రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరించి చేత్తో కలియబెట్టాలి, లేకపోతే వేళ్లు అల్లుకుని చాపలా అయిపోతుంది. కుప్పలో చెయ్యి పెడితే జ్వరం ఒంటిలా కాలుతుంటే వెంటనే పలుచగా నెరపండి. 28–30 డిగ్రీలు దీనికి అనువు. నల్లగొండ ఎండాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, మొలక కంటే ముందు బూజు లేస్తుంది. కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా సాగుతుంది. నాలుగైదు రోజులకు మొలక ముప్పావు అంగుళం దాటుతుంది, అక్కడ ఆపాలి. ఇంకా వదిలితే గింజలోని పిండిని మొలకే తినేస్తుంది.

ఆరబెట్టేది మొదటి పూట నీడలో, తర్వాత పలుచగా ఎండలో. పచ్చిగా ఉన్నప్పుడు 50 డిగ్రీలు దాటిందంటే మొలకలో పుట్టి పిండిని చక్కెరగా కోసే ఎంజైములు చచ్చిపోతాయి. కాలే రేకుల మీద పోసి, తర్వాత మాల్ట్ పనిచేయలేదని జొన్నను తిట్టేవాళ్లు చాలామంది.

పళ్ల కింద టక్కున విరిగేలా ఎండాక గోనెసంచిలో వేసి నలిపి, చాటతో చెరగాలి. మొలకలు, వేళ్లు పూర్తిగా పోవాలి. ఇది శుభ్రం కోసం చెప్పే మాట కాదు. లేత జొన్న మేసిన గొడ్లకు నాము తగిలి పడిపోవడం రైతులందరికీ తెలుసు. ఆ సయనైడ్ విషమే మొలకలోనూ వేళ్లలోనూ ఉంటుంది. జొన్న మొలకలను పచ్చివే సలాడ్లో తినమని వీడియోలు పెట్టేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు. చెరిగాక రెండు కిలోలకు ఒకటిన్నర చిల్లర మిగులుతుంది. గిర్నీలో రవ్వలా పట్టించండి, మెత్తటి పిండి అయితే వడకట్టేటప్పుడు గుడ్డ మూసుకుపోతుంది.

ఇక జొన్న మొండికేసే చోటికొద్దాం. బార్లీ పిండి 60–65 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. దాని ఎంజైములు పనిచేసేదీ ఆ వేడిలోనే, అందుకే స్కాట్లాండ్ వాళ్లకు ఒక్క గిన్నెతో పనైపోతుంది. జొన్న పిండి కరగాలంటే 70 దాటాలి, ఆ వేడికి ఎంజైములు ఎక్కువసేపు బతకవు. ఉడికిస్తే కోసేవాడు లేడు, ఉడికించకపోతే కోయడానికి పిండి అందదు. దీనికి విరుగుడు రెండు గిన్నెలు.

కిలో మాల్ట్ రవ్వను 45 డిగ్రీల నీళ్లు నాలుగు లీటర్లలో కలిపి అరగంట వదిలేయండి. జ్వరం చూసే థర్మామీటర్ 42 దగ్గరే ఆగిపోతుంది, పొడుగాటి వంటింటి థర్మామీటర్ కావాలి. రవ్వ అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు లీటరుంబావు మెల్లగా వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి. ఎంజైములు అందులోకి దిగి ఉంటాయి, దాన్ని పొయ్యి దరిదాపులకు తేవద్దు. అడుగున మిగిలిన ముద్దను మూత పెట్టకుండా అరగంట ఉడికించాలి. అడుగంటుతుంది, తెడ్డు తిప్పుతూనే ఉండాలి. గటకలా బిగుసుకుని తెడ్డు నిలబడే స్థితికొస్తుంది.

దించి 78 డిగ్రీలకు చల్లారాక, తీసిపెట్టిన తేట నీళ్లు పోయండి. మొత్తం 64–65కి దిగుతుంది. మూతపెట్టి గొంగడి కప్పండి. పావుగంట తర్వాత తెడ్డు ముంచితే ఇందాకటి బిగువు ఉండదు. ముద్ద జారుతుంది, పైన నిగనిగలాడే తేట తేరుతుంది, నాలుక మీద వేస్తే తీపి. చక్కెర ఒక్క పలుకు వేయలేదు. గంటన్నరకు తెల్ల పళ్లెంలో రెండు చుక్కలు వేసి టింక్చర్ అయోడిన్ ఒక చుక్క కలపండి. నల్లనీలం తిరిగితే పిండి ఇంకా ఉంది, అయోడిన్ రంగు మారకపోతే పనైపోయింది. గంటన్నరైనా నీలమే వస్తుంటే తప్పు ఆరబెట్టిన దగ్గరుంది, లేదా తేట నీళ్లు పోసేటప్పుడు ముద్ద మరీ వేడిగా ఉంది.

స్కాట్లాండ్‌లో ఆ తర్వాత ఈస్ట్ వేసి రెండు మూడు రోజులు పులియబెడతారు, 8 శాతం దగ్గర ఆల్కహాల్ వస్తుంది. రాగి బట్టీలో సాధారణంగా రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచుతారు. రాగి గంధకపు వాసనను లాగేస్తుంది. ఇక్కడి దొంగ బట్టీల్లో రాగి ఎక్కడిది, రేకు డబ్బాలే. అన్నట్టు, కల్తీ మందుకు జనం చచ్చిపోయేది గింజ పులియడం వల్ల కాదు. గింజ నుంచి మిథనాల్ పుట్టేది నామమాత్రం. ఫ్యాక్టరీ మిథనాల్‌ను ఎవడో కలిపితే ప్రాణాలు పోతాయి.

ఈ మాల్ట్ విద్యతో చేయాల్సిన పని ఇంకొకటుంది. మన పిల్లలకు అంబలి పలుచగా పోస్తాం, కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ. చిక్కగా కాస్తే పసివాళ్లు మింగలేరు. తైదలను (రాగులను) పన్నెండు గంటలు నానబెట్టి, రెండు మూడు రోజులు మొలకెత్తించి ఇదే పద్ధతిలో ఆరబెట్టి పొడి చేసుకోండి. తైదలకు నాము బెడద లేదు, ఎంజైముల బలం కూడా బాగుంటుంది. పిల్లలకు జొన్న మాల్ట్ వద్దు, ఇదే వాడండి. చిక్కటి జావ 65–70 డిగ్రీలకు చల్లారాక గ్లాసుకు ఒక చిన్న చెంచా పొడి కలిపి పది నిమిషాలు ఉంచితే, నీళ్లు కలపకుండానే జారుగా అవుతుంది. తర్వాత రెండు నిమిషాలు మళ్లీ మరిగించి తాగించాలి, మొలకతో పాటు వచ్చిన సూక్ష్మజీవులు అప్పుడు చస్తాయి. జావకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోకపోగా ఇంకా చిక్కబడుతుంది. పొడిని తడి తగలని సీసాలో పెడితే రెండు నెలలు ఉంటుంది.