టెండరు డిక్లరేషన్‌లో పాత విషయాలు ఎంతవరకు చెప్పాలి?

మీరు అడిగినవి రెండు. మూడేళ్ల కిందట ఒక మున్సిపాలిటీ మీ పనిని మధ్యలో రద్దు చేసింది. మీ భాగస్వామి బావమరిది, టెండరు పిలిచిన శాఖలోనే ఇప్పుడు అసిస్టెంట్ ఇంజినీరు. ఈ రెండూ రాయాలా, రాస్తే పని చేజారుతుందా అని మీ భయం.

రాయండి. పద్నాలుగేళ్లుగా ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో టెండరు కాగితాలు తయారుచేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు మాకు ఒకటి రెండు పనులు రాలేదు, నిజమే. చెప్పకపోయినందుకు మాత్రం డబ్బూ పోయింది, పేరూ పోయింది.

ఆ సంగతి చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటిపారుదల శాఖ 2003లో ఇచ్చిన జీవో 94 ప్రకారం బిడ్ సామర్థ్యం, అంటే మీరు ఇంకా ఎంత విలువైన పని తీసుకోగలరన్న లెక్క, 2ఏఎన్-బీ: ఏను ఎన్‌తో హెచ్చించి, రెట్టింపు చేసి, అందులోంచి బీ తీసేయాలి. ఏ అంటే గత అయిదేళ్లలో ఏదైనా ఒక ఏడాది మీరు చేసిన గరిష్ఠ పని విలువ. ఎన్ అంటే కొత్త పనికి ఇచ్చిన గడువు, సంవత్సరాల్లో. బీ అంటే ఆ గడువులోగా మీరు పూర్తిచేయాల్సిన, ఇప్పటికే చేతిలో ఉన్న పనుల విలువ. అప్పట్లో మా ఏ 1.20 కోట్లు, గడువు ఒక ఏడాది. చేతిలో పనులు 1.05 కోట్లని చూపించాం. సామర్థ్యం 1.35 కోట్లు వచ్చింది, టెండరు విలువ 1.30 కోట్లు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఒక మురుగుకాల్వ పనిలో ఇంకా 9 లక్షల పని మిగిలి ఉంది. దాదాపు అయిపోయినట్టే కదా అని దాన్ని పట్టికలో వేయలేదు. వేసి ఉంటే సామర్థ్యం 1.26 కోట్లు, అంటే అర్హతే లేదు.

మా తర్వాతి ధర వేసిన సంస్థ, ఆ కాల్వ పని ఒప్పందం నకలు జతచేసి ఫిర్యాదు ఇచ్చింది. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారి గదిలో ఆ నకలు మీద పెన్సిలుతో గీసిన గీత ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. టెండరుతో పాటు కట్టిన ధరావతు, అంటే ఈఎండీ, 1,30,000 రూపాయలు జప్తు చేశారు. నిజం రాసి ఉంటే ఆ ఒక్క టెండరులో అర్హత రాకపోయేది, ఈఎండీ తిరిగి వచ్చేది. తప్పుడు సమాచారం ఇచ్చిన బిడ్డరును, మిగతా అర్హతలన్నీ ఉన్నా అనర్హుడిగా ప్రకటించవచ్చన్న షరతు ఆ పత్రాల్లోనే ఉంది. నేను చదివాను, పట్టించుకోలేదు.

ఇక మీ రద్దయిన పని. ఒప్పందం రద్దు కావడం వేరు, ఇకపై టెండర్లు వేయకుండా బ్లాక్‌లిస్టులో పెట్టడం వేరు. బ్లాక్‌లిస్టులో పెట్టే ముందు సంస్థకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1974లో ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో చెప్పింది. ఆ చర్య తీసుకోబోతున్నట్టు నోటీసులోనే స్పష్టం కావాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో చెప్పింది. మీకు అలాంటి నోటీసుగానీ ఉత్తర్వుగానీ రాకపోతే, ‘మమ్మల్ని ఏ ప్రభుత్వ సంస్థా బ్లాక్‌లిస్టులో పెట్టలేదు’ అన్న అఫిడవిట్ మీద నిశ్చింతగా సంతకం చేయవచ్చు. కానీ ‘పని మధ్యలో ఆగిందా, రద్దయిందా’ అని విడిగా అడిగితే అవునని రాయాలి. కోర్టు వివాదాల పట్టిక ఉంటే కేసు నంబరుతో సహా నింపాలి. రద్దు ఉత్తర్వు తేదీ, కారణం, మీ వివరణ ఒక పేజీలో రాసి జతచేయండి. ప్రతి టెండరులో ప్రశ్న మాటలు మారుతుంటాయి. పాత అఫిడవిట్‌ను కాపీ చేసి తేదీ మార్చే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

బావమరిది విషయంలో షరతుల్లో ‘సమీప బంధువు’ అంటే ఎవరో చూడండి. కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) నిర్వచనంలో తోబుట్టువులు, పెళ్లి వల్ల కలిసిన ఆ వరస బంధువులూ వస్తారు. అక్కడైతే బంధువు ఆ సర్కిల్‌లో జూనియర్ ఇంజినీరు నుంచి సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్‌ఈ) వరకు ఏ హోదాలో ఉన్నా, అక్కడ టెండరు వేయడానికే వీల్లేదు. మీ టెండరులో ప్రకటిస్తే చాలునా, పూర్తిగా నిషేధమా అన్నది మాటమాటా చదవండి. అస్పష్టంగా ఉంటే, టెండరు వేయకముందు సందేహాలు అడగడానికి ఇచ్చే ప్రీ-బిడ్ గడువులోపు రాతపూర్వకంగా అడిగి జవాబు భద్రపరచుకోండి. ఫోనులో ఎవరో ‘ఏం ఫరవాలేదు’ అన్నది తర్వాత అక్కరకు రాదు.

మరో ధ్రువీకరణ ఉంది. భారత్‌తో భూ సరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందుగా నమోదు చేసుకోవాలన్న 2020 జూలై 23 నాటి కేంద్ర ఉత్తర్వును రాష్ట్రాల కొనుగోళ్లకూ వర్తింపజేశారు. పత్రాల్లో ఆ ధ్రువీకరణ అడిగితే, విదేశీ వాటా లేకపోయినా ఇవ్వాల్సిందే.

పని దక్కాక కూడా ఈ బాధ్యత తీరదు. భాగస్వామి మారితే కొత్త భాగస్వామ్య ఒప్పందపత్రం (డీడ్) నకలు శాఖకు పంపండి. మీరు గోప్యమని ఇచ్చిన కాగితాన్ని ఎవరైనా సమాచార హక్కు చట్టం కింద కోరితే, ఇవ్వాలనుకుంటున్న అధికారి సెక్షన్ 11 ప్రకారం మీకు నోటీసు పంపాలి. అది అందిన పది రోజుల్లోగా మీ అభ్యంతరం చెప్పాలి. కాబట్టి గోప్యమైన పేజీల మీద ఆ మాట ముందే రాసి ఇవ్వండి.

ఆ రద్దు ఉత్తర్వులో కారణం ఏమని రాశారో ఇక్కడ పెట్టగలిగితే, వివరణ లేఖ ఎలా రాయాలో చెబుతాను.